పొగాకు వర్తకము: ధర్మవిచారము

ఆంధ్రదేశమున వరికి, ప్రత్తికి, మిరపకు వలెనే పొగాకునకును ఒక చరిత్ర కలదు. కాని తక్కిన పంటలకు లేని చిక్కొకటి దీనికి గలదు. వరి పండించినవాడు ఆ యన్నము తినువాడు చిరకాలము బ్రతుకవలెనని నిండుమనసుతో దీవింపవచ్చును. ప్రత్తి వర్తకునకు తన నూలు కట్టుకొనువాని యారోగ్యముతో విరోధమేమియు లేదు. పొగాకు వర్తకుని స్థితి యట్టిది కాదు. మానకుండ వాడువారిలో సగమువఱకు ఆ వాడుకవలననే కాలము తీరక చనిపోవుదురని వైద్యశాస్త్రము ముక్తకంఠముతో చెప్పుచుండగా, అతడు ఆ సరకునే అమ్మి, అమ్మిన దానిని మరల మరల కొనునట్లు చూచుకొనవలసియున్నది. ఈ వర్తకము ధర్మ్యమా యను ప్రశ్నను సంఘసంస్కర్తల పాలు చేసి మనము ఊరకుండుట మర్యాద కాదు. గుంటూరు, ప్రకాశము, నెల్లూరు, గోదావరి జిల్లాలలో భూములు గలవారికిని, పట్టణములలో కూర్చుండి కంపెనీల వాటాలు కొనువారికిని ఇది యింటి ప్రశ్నయే గాని పొరుగింటి ప్రశ్న కాదు.

పోర్చుగీసువారు సముద్రము దాటించి తెచ్చిన యీ మొక్క మన నేలను తన నేలగా జేసికొన్నది. గోదావరి లంకలలో పండిన ఆకు చుట్టలకు ప్రాణమై, సీమ దొరల నోళ్లకు రుచి మప్పినది. 1890లో ఆర్థర్ కానన్ డాయిల్ ప్రకటించిన నవలలో షెర్లాక్ హోమ్సు బూడిదను బట్టి చుట్టజాతిని గుర్తుపట్టు విద్యను గూర్చి ముచ్చటించుచు మన లంకచుట్ట పేరెత్తును. నేరస్థుని పట్టుకొనుటకైనను మన సరకు పనికివచ్చినదని సంతోషింపవచ్చును!

ఇదంతయు పాతకథ. నేటి వ్యాపారమునకు మూలము వేఱు. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ వెలసినది. 1912లో గుంటూరు కేంద్రముగా ఆకు కొనుటకు, సాగు పెంచుటకు దాని యనుబంధ సంస్థ యేర్పడినది. 1920 ప్రాంతమున వర్జీనియా విత్తనము గుంటూరు నల్లరేగడిలో పరీక్షార్థము నాటబడినది. 1928 నుండి గొట్టముల వేడితో ఆకు మగ్గబెట్టు బ్యారనులు లేచినవి. చీరాల సంగతి ఇచ్చట స్మరింపదగియున్నది. ఏ చీరాల ప్రజలు 1921లో పురపాలక సంఘపు పన్నును తిరస్కరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఊరు విడిచి పాకలలో కాపురముండిరో, ఆ చీరాలయందే పరదేశపు కంపెనీ ఆకు శుద్ధిచేయు కర్మాగారము నిలిచి వేలకొలది కూలీలకు జీవనాధార మయ్యెను.

జాతీయవాదులమైన మనము ఆ దినములలో అడిగిన ప్రశ్న యొక్కటే: లాభ మెవరిది? ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి కాలక్రమమున సమాధానము కూడ లభించినది. 1970లో కంపెనీ పేరున ఇంపీరియల్ పోయి ఇండియా వచ్చినది. 1974లో అదియును పొడి యక్షరములుగా మాఱినది. 2010లో సిగరెట్ల తయారీలో పరదేశపు ప్రత్యక్షపు పెట్టుబడిని ప్రభుత్వము నిషేధించినది. కాని స్వదేశీ యైనంతమాత్రమున సరకు గుణము మాఱునా? విదేశపు వస్త్రమును తగులబెట్టి ఖద్దరు కట్టుటలో అర్థమున్నది. విదేశపు సిగరెట్టు నార్పి స్వదేశపు సిగరెట్టు ముట్టించుటలో ఊపిరితిత్తులకు భేద మేమియు తెలియదు. లాభ మెవరిదని యడిగినంత గట్టిగా, నష్ట మెవరిదని మనమెన్నడును అడుగలేదు.

పూర్వపు వర్తకుని నిందించుట న్యాయము కాదు. అతడు ఎఱుగడు. 1950లో డాల్, హిల్ అను ఆంగ్ల పరిశోధకులు ఊపిరితిత్తుల పుట్టకురుపునకును సిగరెట్టునకును గల సంబంధమును బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించిరి. 1964 జనవరిలో అమెరికా ప్రభుత్వపు ప్రధాన వైద్యాధికారి నివేదిక వెలువడి సంశయమునకు తావు లేకుండ జేసినది. మనవారికి ఇంగ్లండు, అమెరికాల దాక పోవలసిన పనియు లేదు. ఉత్తరాంధ్ర తీరమున అడ్డపొగ త్రాగు ఆచార మొకటి కలదు. చుట్ట నిప్పును నోటిలోపలికి పెట్టుకొని త్రాగుట. అందును స్త్రీలలో నది మెండు. నిప్పు వేడికి, పొగకు అంగిలి పుండై పుట్టకురుపుగా పరిణమించుటను విశాఖపట్టణపు వైద్యులు 1957లోనే గ్రంథస్థము చేసియుండిరి. కావున గడచిన యేబది యఱువది సంవత్సరములుగా, తెలియక చేయుచుంటిమని చెప్పుకొను వీలు తెలుగు వర్తకునకు లేదు. తెలిసి చేయుచున్నాడు. ధర్మవిచారము ఇచ్చటనే ప్రారంభమగుచున్నది.

మాటవరుసకు మఱియొక సంగతి. శ్రీకాకుళము, కేరళలోని ఎర్నాకుళము, గుజరాతులోని భావనగరము జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడువారిని పరిశోధకులు ఇంటింటికి పోయి పరీక్షించి, మాటలచేతను బొమ్మలచేతను మాన్పింప ప్రయత్నించిరి. ఆ ఫలితములు 1986లో ప్రకటింపబడినవి. చెప్పినచోట మానినవారును తగ్గించినవారును పెక్కండ్రు. పల్లెటూరివారు చెప్పిన వినరను మాట పట్టణవాసుల సోమరితనమునకు పుట్టినదే గాని నిజము కాదు.

ఇప్పటి లెక్కలు చూడుడు. 2016-17లో కేంద్రప్రభుత్వము చేయించిన గణన ప్రకారము, దేశమున పదునైదేండ్లు దాటినవారిలో నూటికి 28.6 మంది, అనగా దాదాపు 26 కోట్ల 70 లక్షల మంది ఏదో యొక రూపమున పొగాకు వాడువారే. 2009-10లో నూటికి 34.6 మంది యుండిరి గనుక కొంత తగ్గినదనుట సత్యము. ఆంధ్రప్రదేశమున నూటికి 20, తెలంగాణమున 17.8. ఏటేట పొగాకువలన మన దేశమున మరణించువారు 13 లక్షలకు పైబడియున్నారని ప్రపంచారోగ్య సంస్థ చెప్పుచున్నది. ముప్పదియైదేండ్లు దాటినవారి రోగములకు, అకాలమరణములకు అయిన నష్టము 2017-18లో 1,77,000 కోట్ల రూపాయలకు మించినదని లెక్కగట్టిరి. ఈ ప్రక్కన 2023-24లో పొగాకు ఎగుమతులవలన దేశమునకు వచ్చినది సుమారు 12,000 కోట్లు. రెండును వేఱువేఱు సంవత్సరముల లెక్కలగుటచే ఒకదానినుండి యొకటి తీసివేయరాదు. అయినను బీదదేశమునకు విదేశమారకము తెచ్చు పంట యను పేరుతో చేయు స్తోత్రములు వినునప్పుడు ఈ రెండవ ఖాతాను గూడ తెఱచి చూడవలెను. వచ్చిన సొమ్ము వర్తకుని పెట్టెలోను ప్రభుత్వపు బొక్కసములోను చేరును. ఖర్చు మాత్రము రోగి భార్య మెడలోని పుస్తె నమ్మించును.

అట్లని రైతును నేరస్థుని జేయుదమా? ఇచ్చట తొందరపడరాదు. కనిగిరి, పొదిలి, కొండపి ప్రాంతముల తేలికనేలలు చూచినవారికి సంగతి తెలియును. వాన చాలదు, కాలువ లేదు, రాతినేల. అచ్చట ఏదో విధముగ నాలుగు రాళ్లు కనబఱచు పంట వర్జీనియా. దానికి బ్యాంకు అప్పు పుట్టును. బ్యారను కట్టినవానికి లైసెన్సు గలదు. 1976లో గుంటూరున నెలకొనిన పొగాకు బోర్డువారి వేలమున, 1985 నుండి, కొనువాడు దొరకును. మినుము వేసినవానికిని, కంది వేసినవానికిని ఈ మూడును ఒక్కచోట దొరకునా? రైతు పొగాకును ప్రేమించుటలేదు. పొగాకు చుట్టు కట్టబడిన యేర్పాటు తక్కిన పంటల చుట్టు కట్టబడలేదు. అంతియే.

ఆ యేర్పాటులోని సుఖ మెట్టిదో గూడ చూతము. నారు పోసినది మొదలు వేలమువఱకు దాదాపు సంవత్సరమంతయు చాకిరి. తలలు త్రుంచవలెను, పిలకలు తీయవలెను, ఆకు ముదిరిన కొలది క్రిందినుండి నాలుగైదు విడతలుగా కోయవలెను. మంచుకు తడిసిన పచ్చియాకు కోయునప్పుడు దానిలోని విషము చర్మముగుండ నెక్కి కూలీలకు తల తిరుగును, వాంతులగును. కోసిన ఆకును కఱ్ఱలకు కట్టి బ్యారను కెక్కించి ఐదాఱు దినములు రాత్రింబవళ్లు మంట కాయవలెను. మొదట ఆకు పసుపెక్కువఱకు సన్నని వేడి, పిదప ఈనె యెండువఱకు డెబ్బది డిగ్రీల వేడి. ఒక్క రాత్రి నిద్ర పట్టినచో పంట నల్లబడును. కిలో ఆకునకు నాలుగైదు కిలోల కట్టె మండుననుట సామాన్యపు లెక్క. అడవు లేమగుచున్నవో వేఱుగ చెప్పనేల? ఆ పిమ్మట ఆడువారు దినములకొలది కూర్చుండి రంగును బట్టి, మచ్చను బట్టి ఆకు నేరవలెను. ఇంత చేసి బేలు కట్టి వేలమునకు తెచ్చిన రైతు ఎదుట కొనుగోలుదారు లిద్దఱో ముగ్గురో ఒక్క మాటపై నిలిచినచో, అతని సంవత్సర మంతయు కొన్ని నిమిషములలో తీర్పు పొందును.

2000-01లో ఆంధ్రరైతులు పంటకు విరామము ప్రకటింపవలసివచ్చినది. 2015లో ధరలు కూలగా ప్రకాశము జిల్లాలో రైతులు ఆత్మహత్యలు చేసికొనిరి. 2020లో రాష్ట్రప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారమున వేలములో దిగి కొనవలసివచ్చినది. 2025లో బోర్డు అదుపులో లేని బర్లీ ఆకును, అంతకుముందు ధరలు చూచి ఆశపడి విస్తారముగ వేసినవారు, కొను నాథుడు లేక రోడ్డెక్కిరి. మరల ప్రభుత్వపు కొనుగోలే దిక్కయ్యెను. ఆ ధరలు చూపి ప్రోత్సహించినవారు ఎవరు, ఆకు సిద్ధమైనపిమ్మట మొగము చాటువేసినవారు ఎవరు? త్రాగువాని ప్రాణము సంగతి యటుండ, పండించువాని ప్రాణమును గూడ ఈ వర్తకము కాపాడుటలేదు.

భూస్వాములకు ఒక్క మాట. లైసెన్సు మీ పేర నున్నది, బ్యారను మీది, నేల మీది. కౌలు మాత్రము ముందుగ పుచ్చుకొని మీరు పట్టణమున నుందురు. ధర పెరిగిన యేట మఱుసటి కౌలు పెరుగును. ధర పడిన యేట నష్టము కౌలుదారునిది. అప్పు వానిది, మంటచెంత కూర్చుండుట వానిది, ఒకనాడు పురుగుమందు డబ్బా నెత్తినచో చావు వానిది. పొగాకు పాపమని యెవరైన అన్నచో, మేము త్రాగము, మేము అమ్మము, కౌలు మాత్రమే తినుచుంటిమని మీరందురు. ఆ మాట వినుటకు ఇంపుగ లేదు.

వేఱు పంట లేదను మాటయు పూర్తిగా నిజము కాదు. 1990 తరువాతి యిరువది యేండ్లలో ఒంగోలు ప్రాంతపు నల్లరేగడిలో పెద్ద మార్పు వచ్చినది. త్వరగా చేతికివచ్చు శనగ రకములు దిగి పొగాకును, ప్రత్తిని అనేక గ్రామములనుండి వెడలగొట్టినవి. ఎవరును ఉపన్యసించి మాన్పలేదు. యంత్రములతో కోయదగిన పంట, కూలి తక్కువ, నిద్ర చెడని పంట దొరకినందున రైతు తానే మానెను. పిమ్మట శనగ ధర పడిపోయి శీతలగిడ్డంగులలో బస్తాలు మురిగిన దినములును వచ్చినవి. ఆ కష్టము నుండి నేర్వవలసినది యేమన, విత్తనము మార్చినంతనే పని కాదు, కొనుగోలు హామీ గూడ మార్పవలెను. పొగాకునకు ఒక బోర్డు, ఒక వేలము, ఒక అప్పు ఉన్నట్లు శనగకు లేకపోవుటయే లోపము. తేలికనేలలకు శనగవంటి మందు ఇంకను దొరకలేదనుట కూడ ఒప్పుకొనవలెను. చిక్కంతయు అచ్చటనే యున్నది.

ఇక వర్తకుల వాదములు. మేము మానినచో బ్రెజిలువారు అమ్ముదురు, జింబాబ్వేవారు అమ్ముదురు, త్రాగువాడు త్రాగకమానడు అని మొదటి వాదము. ఈ తర్కముతో నల్లమందు వర్తకమును గూడ సమర్థింపవచ్చును. చీనాకు నల్లమందు పంపిన తూర్పిండియా కంపెనీవారికి ఇట్టి మాటలకు కొదువ లేదు. దానిని మనము ఏవగించుకొన్నది ఇతరు లమ్ముటలేదని కాదు గదా.

రెండవది స్వేచ్ఛావాదము. పెరిగి పెద్దయైనవాడు తన డబ్బుతో తనకిష్టమైనది త్రాగును, మీరెవరు? ఈ వాదమునకు కొంత బలము కలదు. ఒకరి యింటిలోని చుట్టను ఆర్పుటకు పోలీసును పంపవలెనని మేమును అనము. కాని అలవాటు పెద్దవాడైన పిమ్మట పట్టుబడుట అరుదు. అది బాల్యమున, చిల్లరగా దొరకు ఒక్క సిగరెట్టుతో, ఒక్క గుట్కా పొట్లముతో పట్టును. గురజాడవారు ఈ రహస్యమును ఎంత ముందుగ కనిపెట్టిరో! కన్యాశుల్కమున గిరీశము శిష్యునకు నేర్పిన విద్యలలో చుట్ట ముఖ్యమైనది. వంచకుని నోట పెట్టిన ఆ పొగస్తుతిని మన జనులు వంచకుని మఱచి పద్యము మాత్రము కంఠస్థము చేసిరి. నేటి గిరీశములు చదువు చెప్పుదుమని యింటికి రారు. 1996 నాటి ప్రపంచ క్రికెట్టు పందెములకు సిగరెట్టు పేరే పెట్టబడినది గదా. 2003 నాటి చట్టము ప్రకటనలను నిషేధించినపిమ్మట, ఏలకుల పేర, వక్కపొడి పేర, పొగాకు పొట్లములపై నున్న గుర్తులనే చూపుచు సినిమా నటులు చిఱునవ్వు నవ్వుచున్నారు. కొనువాని స్వేచ్ఛను అంతగా గౌరవించువారు, వానికి బుద్ధి కుదురకమునుపే వలవేయ నేల?

మూడవది దానధర్మముల వాదము. పొగాకు సొమ్ముతో మన పట్టణములలో కళాశాలలు, సత్రములు, కల్యాణమండపములు, దేవాలయములు లేచినవి. దాతల హృదయమును శంకింపము. అమరావతి స్తూపమునకు పూర్వము వర్తకులు దానము లిచ్చిరి. చర్మకారుడైన విధికుని దానశాసనము గూడ అచ్చట లభించినది. ఏ వృత్తివాని దానమునైనను బౌద్ధులు స్వీకరించిరి. కాని ఉపాసకుడు చేయరాని వర్తకము లైదింటిని బుద్ధుడు విడదీసి చెప్పెను: ఆయుధములు, ప్రాణులు, మాంసము, మత్తుపదార్థములు, విషము. దానము వర్తకమును శుద్ధిచేయునని ఆయన చెప్పలేదు. ఆ స్తూపము 2022 వఱకు చేరియుండిన జిల్లాయే పొగాకునకు రాజధాని యగుట విధివిలాసము. ఆసుపత్రి కట్టించి, దానికి రోగులను గూడ తయారుచేసి పంపుట దానమని పిలుచుటకు నోరాడదు.

బీడీల సంగతి చెప్పక విడుచుట అన్యాయము. నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో లక్షలాది స్త్రీలు తునికాకు చుట్టి జీవించుచున్నారు. షోలాపురమున మన పద్మశాలి స్త్రీల గతియు నంతే. 1966లో బీడీ కార్మికుల చట్టము, 1976లో సంక్షేమనిధి వచ్చినవి. 2015 నుండి తెలంగాణ ప్రభుత్వము వారికి జీవనభృతి యిచ్చుచున్నది. బీడీ మానుడని త్రాగువానికి చెప్పుట సులభము. చుట్టు స్త్రీకి మఱియొక పని చూపక చెప్పుట మాత్రము నిర్దయ. మగ్గము పోయి బీడీ వచ్చిన యిండ్లవి. బీడీయును పోయినచో ఏమి వచ్చునో చెప్పువా డుండవలెను.

ప్రభుత్వపు ధోరణి అన్నిటికంటె విచిత్రము. ఆరోగ్యశాఖ పెట్టెపై నూటికి 85 పాళ్లు భయంకర చిత్రములు ముద్రింపజేయును. వాణిజ్యశాఖ క్రింది బోర్డు అదే ఆకునకు విదేశములలో గిరాకి వెదకును. 2004లో ప్రపంచ పొగాకు నియంత్రణ ఒడంబడికను మన దేశము ధ్రువపఱచినది. దాని పదునేడవ నిబంధన రైతులకును కూలీలకును బదులు జీవనోపాధి కల్పింపవలెనని చెప్పుచున్నది. పదునెనిమిదవది వారి యారోగ్యమును, పరిసరములను కాపాడవలెనని చెప్పుచున్నది. పెట్టెపై బొమ్మ వేయుట తయారీదారుని పని గనుక జరిగినది. ఈ రెండును ప్రభుత్వము సొమ్ము పెట్టవలసినవి గనుక మూలబడినవి. ప్రజల ప్రాణములకు పూచీపడు ప్రభుత్వపు జీవితబీమా సంస్థయే సిగరెట్టు కంపెనీలో పెద్ద వాటాదారు. ఈ విషయమై 2017లో బొంబాయి హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యము గూడ దాఖలైనది. మద్యపు పన్నునకు అలవాటుపడిన ప్రభుత్వము 1995లో ఆంధ్రప్రదేశమున పెట్టిన సంపూర్ణ నిషేధమును రెండేండ్లకే సడలించుకొనుట మనము కన్నులార చూచితిమి. పన్ను అలవాటు పొగ అలవాటుకంటె గట్టిది.

మా యభిప్రాయమున ఈ వర్తకమునందు దోషము అందఱికిని సమముగ పంచదగినది కాదు. కొత్తగా త్రాగువానిని పుట్టించుటకు సొమ్ము వెచ్చించువాడు మొదటి దోషి. తెలిసియు ఆ లాభమున వాటా తినువాడు రెండవవాడు. అందు ప్రభుత్వమును చేరును. బ్యారను చెంత మేలుకొనియున్నవాడు ఆ వరుసలో లేడు. కనుకనే మానుటకు కావలసిన ఖర్చు అతని నెత్తిన రుద్దరాదు. అమెరికా దేశమున 2004లో చేసిన చట్టము ప్రకారము పొగాకు కోటాలను రద్దుచేసి, కోటాదారులకును సాగుదారులకును పదేండ్లపాటు పరిహార మిచ్చిరి. సుమారు వెయ్యి కోట్ల డాలర్ల ఆ సొమ్మును తయారీదారులనుండియు దిగుమతిదారులనుండియు వసూలుచేసిరి. ధనికదేశమునకే ఇది న్యాయముగ తోచినప్పుడు, మనకు మఱింత న్యాయము. బ్యారనులకు తగిన పరిహార మిచ్చినచో సాగు మానుదుమని మన రైతులు పలుమాఱులు చెప్పియున్నారు. ఆ పరిహారము భూస్వామి పేరనున్న లైసెన్సునకు మాత్రమే గాక ఆ యేట కౌలుకు చేసినవానికి, ఆకు నేరిన స్త్రీకి గూడ ఎంతెంత చెందవలెనో ముందుగ తేల్చవలసియున్నది. సిగరెట్లపై వచ్చు పన్నులో ఒక పాలు ఇందులకై ప్రత్యేకించి, కనిగిరి, పొదిలి నేలలలో వేయదగిన పంటకు పొగాకునకు వలెనే అప్పును, వేలమును ఏర్పఱచుటకు చట్టమున కొత్త సంగతి యేమియు అక్కఱలేదు. 1975 నాటి పొగాకు బోర్డు చట్టమును సవరించి, పెంచుటకు పుట్టిన ఆ సంస్థకు మాన్పించు పనిని గూడ అప్పగించిన చాలును. వేలపు శాలలు, గిడ్డంగులు, రైతుల పట్టికలు దానిచేత సిద్ధముగనే యున్నవి.